క్యాన్సర్ మందును మోసుకెళ్ళి తానే కరిగిపోయే రేణువు

బిలాస్‌పూర్ జంక్షన్ నుంచి కట్నీ వైపు వెళ్ళే రైలు మార్గంలో సుమారు 30 కిలోమీటర్ల దూరంలో కర్గీ రోడ్ అనే స్టేషన్ వస్తుంది. స్టేషన్ పేరు కర్గీ రోడ్, ఊరి పేరు కోటా. అక్కడి నుంచి అడవి దారి పడితే అచానక్‌మార్ పులుల అభయారణ్యం. ఇటు బిలాస్‌పూర్ దారి పడితే మధ్యలో గనియారి అనే పల్లె. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదువుకున్న కొందరు వైద్యులు పెద్ద ఊళ్ళు వదిలి వచ్చి జన్ స్వాస్థ్య సహయోగ్ పేరుతో ఆసుపత్రి నడుపుతున్నది ఆ పల్లెలోనే. చుట్టుపక్కల వందలాది గ్రామాల నుంచి, అడవి లోపలి గూడేల నుంచి రోగులు అక్కడికి వస్తారు. క్యాన్సర్ రోగులు కూడా.

ఇలాంటి చోట కీమోథెరపీ అంటే మందుల సంగతి ఒక్కటే కాదు, ప్రయాణాల లెక్క కూడా. చాలా రకాల క్యాన్సర్లకు మూడు వారాలకొకసారి చొప్పున ఆరు విడతల వరకూ మందు ఎక్కిస్తారు. ప్రతి విడతకూ ముందు రక్త పరీక్ష ఉంటుంది. తెల్లకణాలు పడిపోతే మందు వాయిదా వేసి వెనక్కి పంపుతారు. రోగి ఒక్కరే రాలేరు, వెంట ఒకరు ఉండాలి. అంటే ఇద్దరి కూలి పోతుంది. ఇంటికి వెళ్ళిన వారానికి జ్వరం వస్తే మళ్ళీ బస్సు, మళ్ళీ రైలు. నోటి పూత, వాంతులు, జుట్టు రాలడం వీటికి అదనం. చికిత్స మధ్యలో ఆగిపోవడానికి చాలాసార్లు జబ్బు కారణం కాదు, ఈ దారి కారణం.

మందును ఒక చిన్న పొట్లంలో కట్టి పంపితే? ఆ పొట్లం దారిలో విప్పుకోకుండా కణితి దాకా వెళ్ళి, అక్కడ నెమ్మదిగా మందు వదిలి, పని అయ్యాక తానే శరీరంలో కరిగిపోతే? జీవ విచ్ఛిన్న నానో రేణువుల పరిశోధన అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. దాదాపు యాభై ఏళ్ళుగా తిరుగుతోంది. కొంత సాధించింది, చాలా చోట్ల తడబడింది. ఆ రెండూ తెలుసుకోవలసినవే.

మందే విషం

కీమోథెరపీ చరిత్రలో తెలుగువారికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ తర్వాత దానిలాగే కనిపిస్తూ కణాన్ని మోసగించే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. వేగంగా విభజన చెందే కణానికి డీఎన్ఏ తయారీ కోసం ఫోలిక్ ఆమ్లం కావాలి. దాని బదులు అమినోప్టెరిన్ వచ్చి కూర్చుంటే పని ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఈ మందును రక్త క్యాన్సర్‌తో ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. 1948 జూన్‌లో వెలువడిన ఆయన నివేదికలో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా జబ్బు తగ్గుముఖం పట్టింది. అప్పటిదాకా ఆ జబ్బుకు మందంటూ లేదు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

చిక్కు ఎక్కడుందంటే, వేగంగా విభజన చెందేవి క్యాన్సర్ కణాలు మాత్రమే కావు. ఎముక మజ్జ, పేగు లోపొర, నోటి పొర, వెంట్రుక కుదుళ్ళు కూడా అంతే. మందుకు మంచి కణమేదో చెడ్డ కణమేదో తెలియదు. రక్తంలో కలిసిన మందు ఒళ్ళంతా పాకుతుంది. అందుకే కీమోథెరపీ దుష్ఫలితాలన్నీ సరిగ్గా ఈ నాలుగు చోట్లే ముందు కనిపిస్తాయి.

డాక్సోరుబిసిన్ సంగతి ఇంకా కష్టం. ఎర్రగా ఉండే ఈ మందు రొమ్ము క్యాన్సర్ మొదలుకొని ఎన్నింటికో పనిచేస్తుంది. కానీ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ ప్రతి విడతకూ పోగవుతుంది. అందుకే ఒక మనిషికి జీవితం మొత్తంలో ఇంతకు మించి ఇవ్వకూడదన్న హద్దు పెట్టుకున్నారు. మందు పనిచేస్తున్నా సరే, ఆ హద్దు దగ్గర ఆపేయాలి.

పాక్లిటాక్సెల్‌ది మరో ఇబ్బంది. అది నీళ్ళలో కరగదు. కరగని దాన్ని రక్తంలోకి ఎలా ఎక్కించాలి? ఆముదం నుంచి రసాయనికంగా తయారుచేసిన ఒక ద్రావకంలో, ఆల్కహాల్ కలిపి కరిగించారు. మన పాలమూరు చేలల్లో పండే ఆముదానికి క్యాన్సర్ వార్డులో ఇలాంటి ఉద్యోగం ఉందని చాలామందికి తెలియదు. అయితే ఆ ద్రావకమే కొందరిలో తీవ్రమైన అలర్జీ తెస్తుంది. దాన్ని తట్టుకోవడానికి ముందుగా స్టెరాయిడ్లు, అలర్జీ మందులు ఇచ్చి, ఆ తర్వాత మూడు గంటల పాటు చుక్క చుక్కగా ఎక్కించాలి. అంటే రోగి అనుభవించే బాధలో ఒక భాగం మందుది కాదు, మందు ఎక్కి వచ్చిన బండిది. బండి మారిస్తే ఆ భాగమైనా తగ్గుతుంది కదా అన్న ఆలోచన ఇక్కడ పుట్టింది.

పెరుగులో ఉన్న ఆమ్లమే

నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. ఎర్ర రక్తకణం అడ్డంగా సుమారు 7,000. క్యాన్సర్ మందుకు పొట్లంగా వాడే రేణువులు ఎక్కువగా 50 నుంచి 200 నానోమీటర్ల మధ్య ఉంటాయి. ఈ కొలత ఎవరి ఇష్టప్రకారమో వచ్చింది కాదు. ఐదారు నానోమీటర్ల కన్నా చిన్నదైతే మూత్రపిండాలు వడపోసి బయటికి పంపేస్తాయి. 200 దాటి పెద్దదైతే ప్లీహం జల్లెడలో చిక్కుకుంటుంది. మధ్యలో ఉన్న సందు ఇదే.

పొట్లం దేనితో చేయాలి? శరీరంలో మిగిలిపోయే ప్లాస్టిక్ పనికిరాదు. పన్నెండు వారాలు వరుసగా ఇచ్చే మందుకు పన్నెండు వారాల చెత్త కాలేయంలో పోగుపడితే చికిత్సే కొత్త జబ్బు అవుతుంది. అందుకే పరిశోధకులు శస్త్రచికిత్స గదిలో అప్పటికే ఉన్న ఒక వస్తువు వైపు చూశారు. కుట్లు వేశాక వాటంతటవే కరిగిపోయే దారం అది. ల్యాక్టిక్ ఆమ్లం, గ్లైకోలిక్ ఆమ్లం అనే రెండు చిన్న అణువులను పూసల్లా గుచ్చితే వచ్చే పాలిమర్‌తో ఆ దారాన్ని చేస్తారు. దీన్నే పొట్టిగా పీఎల్‌జీఏ అంటారు. పెరుగు పులుపుకు కారణమైన ఆమ్లమే ల్యాక్టిక్ ఆమ్లం. పరుగెత్తినప్పుడు మన కండరాల్లో తయారయ్యేదీ అదే.

ఈ పూసల దండ నీళ్ళు తగిలితే తెగుతుంది. పూసకూ పూసకూ మధ్య ఉన్న ఎస్టర్ బంధాన్ని నీటి అణువు విడగొడుతుంది. ఎంజైమ్ సాయం అక్కర్లేదు. తెగిపడ్డ పూసలు కణంలో ఆహారం కాలే పొయ్యిలోకే వెళ్ళి చివరికి కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మారి ఊపిరిలో, మూత్రంలో పోతాయి. రెండు ఆమ్లాల పాళ్ళు మార్చి ఎన్నాళ్ళలో కరగాలో ముందే నిర్ణయించుకోవచ్చు. సగం సగం కలిపితే నెలా రెండు నెలల్లో కరుగుతుంది. ల్యాక్టిక్ ఆమ్లం పాలు పెంచితే నీరు లోపలికి సులభంగా చొరబడదు, కాబట్టి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

తయారీ పద్ధతి వినడానికి వంటింటి పనిలా ఉంటుంది. పాలిమర్‌నూ మందునూ కలిపి ఒక ద్రావకంలో కరిగిస్తారు. అది నీళ్ళలో కలవని ద్రావకమై ఉండాలి. దాన్ని నీళ్ళలో పోసి శబ్ద తరంగాలతో బలంగా చిలుకుతారు. నూనె నీళ్ళలో గిలక్కొట్టినట్టు సన్నటి బొట్లుగా విడిపోతుంది. బొట్లు మళ్ళీ కలిసిపోకుండా జిగురు లాంటి పదార్థం ఒకటి ముందే వేసి ఉంచుతారు. ద్రావకం ఆవిరైపోయాక ప్రతి బొట్టూ ఒక గట్టి రేణువుగా మిగులుతుంది, లోపల మందుతో సహా. చెప్పడం తేలికే. ఒక గ్రాము చేసినంత సులువుగా కిలో చేయలేరు. చిలికే వేగం కాస్త మారినా రేణువు పరిమాణం మారుతుంది, పరిమాణం మారితే శరీరంలో దాని దారే మారిపోతుంది. పైగా రేణువు ఉపరితలానికి అంటుకుని ఉన్న మందు మొదటి గంటల్లోనే ఒక్కసారిగా బయటపడటం చాలాకాలంగా తలనొప్పి. మూడు వారాలు రావలసిన మందులో పెద్ద వాటా మొదటి రోజే వచ్చేస్తే పొట్లం కట్టి లాభమేముంది?

రేణువు నిజంగా కణం లోపలికి వెళ్ళిందా, అక్కడ కరిగిందా అన్నది చూడటానికి వాడే సాధనాల్లో ఒకదానికి కోటాతో చిన్న బాదరాయణ సంబంధం ఉంది. 2006లో ఏర్పాటైన డాక్టర్ సి.వి. రామన్ విశ్వవిద్యాలయం చిరునామా కర్గీ రోడ్ కోటాయే. విశాఖపట్నంలో బడి చదువు చదివిన ఆ రామన్ 1928లో కనుగొన్న కాంతి పరిక్షేపణం ఇక్కడ పనికొస్తుంది. అణువు మీద పడ్డ కాంతిలో కొద్ది భాగం రంగు మార్చుకుని వెనక్కి వస్తుంది. ఆ మార్పు ఒక్కో అణువుకు ఒక్కోలా ఉంటుంది, వేలిముద్రలాగా. కాబట్టి రేణువుకు రంగు పూయకుండానే అది ఎక్కడుందో కనిపెట్టవచ్చు. 2009లో బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పీఎల్‌జీఏ రేణువులు కణంలోకి చేరి క్రమంగా విచ్ఛిన్నం కావడాన్ని రామన్ సూక్ష్మదర్శినితోనే గమనించారు.

ఇప్పటికే వాడుకలో ఉన్నవి

నానో వైద్యం ఎప్పుడో రాబోయే సంగతి అన్నట్టు వార్తలు రాస్తుంటాయి. అది నిజం కాదు. డాక్సోరుబిసిన్‌ను కొవ్వు బుడగలో, అంటే లైపోజోమ్‌లో, నింపి చేసిన డాక్సిల్ అనే మందుకు అమెరికాలో 1995లోనే అనుమతి వచ్చింది. కొవ్వు పొర మన కణాల గోడకు దగ్గరి చుట్టం, కాబట్టి దాన్ని కరిగించుకోవడం శరీరానికి కొత్త కాదు. ఈ రూపంలో మందు గుండెకు చేసే హాని బాగా తగ్గింది. కానీ అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి పొక్కడం అనే కొత్త బాధ తలెత్తింది. బుడగలు రక్తంలో చాలాసేపు తిరుగుతూ చర్మంలోకి చేరడమే కారణం. పాక్లిటాక్సెల్‌ను ఆముదపు ద్రావకం లేకుండా, రక్తంలోనే ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కు అంటించి సుమారు 130 నానోమీటర్ల రేణువులుగా చేసిన అబ్రాక్సేన్ 2005లో వచ్చింది. మూడు గంటల డ్రిప్ అరగంటకు తగ్గింది. ముందస్తు స్టెరాయిడ్ల అవసరం చాలామందికి తప్పింది. ల్యాక్టిక్ ఆమ్లపు పాలిమర్‌తోనే చేసిన పాక్లిటాక్సెల్ మందు జెనెక్సాల్-పీఎంకు దక్షిణ కొరియా 2007లో అనుమతి ఇచ్చింది.

వీటిలో మన దేశం వాటా తక్కువేమీ కాదు. 2012లో అమెరికాలో డాక్సిల్‌కు కొరత ఏర్పడినప్పుడు అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ భారతీయ కంపెనీ సన్ ఫార్మా తయారుచేసే లిపోడాక్స్‌ను తాత్కాలికంగా దిగుమతి చేసుకునేందుకు ఒప్పుకుంది. మరుసటి ఏడాది సన్ ఫార్మా జెనరిక్‌కు పూర్తి అనుమతే ఇచ్చింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ కూడా తర్వాత ఈ లైపోజోమ్ మందును అమెరికా మార్కెట్లోకి తీసుకెళ్ళింది. మాత్రలకు జెనరిక్ చేయడం వేరు, నానో బుడగకు జెనరిక్ చేయడం వేరు. లోపలి మందు ఒక్కటే సరిపోతే చాలదు, బుడగ పరిమాణం, దాని పొర, మందు విడుదలయ్యే తీరు అన్నీ సరితూగాలి.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ మందుల్లో ఎక్కువభాగం సాధించింది దుష్ఫలితాల తగ్గింపు. మామూలు రూపం కన్నా కణితిని ఎక్కువగా కరిగించి, ఆయుష్షును గణనీయంగా పెంచినవి తక్కువ.

వెయ్యిలో ఏడు

ఎందుకిలా? జవాబు కోసం 1986కు వెళ్ళాలి. ఆ ఏడాది జపాన్ శాస్త్రవేత్తలు మత్సుమురా, మయెదా ఒక ఆశాజనకమైన సంగతి చెప్పారు. కణితి తొందరపాటుగా పెరుగుతుంది కాబట్టి దాని రక్తనాళాల గోడలు సరిగ్గా అతుక్కోవు, సందులుంటాయి. పెద్ద అణువులు ఆ సందుల్లోంచి కారి కణితిలో చేరతాయి. అక్కడ మురుగు తోడే శోషరస నాళాలు కూడా సరిగా ఉండవు కనుక అవి అక్కడే నిలిచిపోతాయి. కారే గొట్టం, మూసుకుపోయిన తూము. ఈ చిత్రం మీద ముప్ఫై ఏళ్ళ పాటు వేలాది పరిశోధనా పత్రాలు వచ్చాయి. ఎలుకల్లో అద్భుతమైన ఫలితాలు కనిపించాయి.

2016లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన వారెన్ చాన్ బృందం అంతకుముందు పదేళ్ళలో వచ్చిన పత్రాలను పోగుచేసి ఒక లెక్క తీసింది. ఎక్కించిన నానో రేణువుల్లో కణితికి చేరుతున్నవి మధ్యస్థంగా 0.7 శాతం. వెయ్యి రేణువులు పంపితే ఏడు. మిగిలినవాటిలో పెద్ద వాటాను కాలేయం, ప్లీహం పట్టేసుకుంటున్నాయి. రక్తంలోకి అడుగుపెట్టిన క్షణం నుంచే ప్రొటీన్లు వచ్చి రేణువు ఒంటి నిండా అతుక్కుంటాయి. ఆ వేషంలో దాన్ని రోగనిరోధక వ్యవస్థ పరాయిదిగా గుర్తిస్తుంది. కాలేయంలో కాపలా ఉండే కుప్ఫర్ కణాలు మింగేస్తాయి. దీన్ని తప్పించడానికి 1990లలో పీఈజీ అనే నీటిని ఇష్టపడే పాలిమర్‌ను తొడుగులా వేశారు. అది ఆలస్యం చేసింది కానీ ఆపలేదు. కొందరి రక్తంలో ఆ తొడుగు మీదే ప్రతిరక్షకాలు ఉంటున్నాయని కూడా తర్వాత తేలింది.

చాన్ బృందం లెక్క కట్టిన పద్ధతి మీద వాదనలు నడిచాయి. మామూలు మందునూ ఇదే కొలబద్దతో కొలిస్తే ఎంత వస్తుందని అడిగినవారున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. 2020లో అదే బృందం ఇంకో సంగతి చెప్పింది. కణితిలోకి వెళ్ళే రేణువుల్లో 97 శాతం వరకూ గోడ సందుల్లోంచి కారడం లేదు, రక్తనాళపు కణాలే వాటిని చురుగ్గా లోపలికి మోస్తున్నాయి. అంటే ముప్ఫై ఏళ్ళు నమ్మిన గొట్టం బొమ్మే చాలావరకు సరైంది కాకపోవచ్చు. ఎలుకకూ మనిషికీ తేడా కూడా ఇక్కడే ఉంది. 20 గ్రాముల ఎలుకలో ఒక గ్రాము కణితి పెంచి ప్రయోగం చేస్తారు. 60 కిలోల మనిషిలో అది 3 కిలోల కణితితో సమానం. అంత వేగంగా, అంత పెద్దగా పెరిగిన కణితి రక్తనాళాలు మనిషి కణితి రక్తనాళాల్లా ఉండాలని ఏమీ లేదు.

రేణువుకు చిరునామా రాసి పంపాలన్న ఆలోచన కూడా ఎప్పటి నుంచో ఉంది. కొన్ని క్యాన్సర్ కణాలు, ముఖ్యంగా అండాశయ క్యాన్సర్‌వి, ఫోలిక్ ఆమ్లాన్ని అందుకునే గ్రాహకాలను తమ ఒంటి మీద విపరీతంగా పెంచుకుంటాయి. రేణువు మీద ఫోలిక్ ఆమ్లం అతికిస్తే అవి ఆకలికొద్దీ లాక్కుంటాయి. సుబ్బారావు బృందం తయారుచేసిన అదే ఫోలిక్ ఆమ్లం ఇప్పుడు ఇలా చిరునామాగా తిరిగొచ్చింది. కానీ చిరునామా ఎంత స్పష్టంగా ఉన్నా ఉత్తరం ఆ వీధి దాకా చేరాలి. ల్యాక్టిక్ ఆమ్లపు పాలిమర్‌తో రేణువులు చేసి, ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలను గుర్తించే చిరునామా తగిలించి మనుషుల్లో ప్రయోగాలకు వెళ్ళిన అమెరికన్ కంపెనీ బైండ్ థెరప్యూటిక్స్ 2016లో దివాలా తీసింది. ఈ రంగంలో అందరూ చెప్పుకునే పాఠం అది.

నల్లమద్ది చెట్టు మీది గూడు

బిలాస్‌పూర్ ప్రాంతంలో పట్టు అంటే కోసా. మల్బరీ ఆకు తిని ఇంట్లో పెరిగే పురుగు కాదు ఇది. అడవిలో నల్లమద్ది, తెల్లమద్ది చెట్ల మీద ఆరుబయట పెరిగి, గోధుమ బంగారు రంగులో గట్టి గూడు కట్టే పురుగు. చాంపా నేతగాళ్ళు ఆ దారంతోనే చీరలు నేస్తారు. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో ఈ పురుగు విత్తనాలను చూసే సంస్థ ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌లోనే ఉంది. తెలంగాణలో మహాదేవ్‌పూర్, చెన్నూరు అడవి గ్రామాల వారికి ఇదే దసలి పట్టు.

పట్టు దారం లోపలి భాగం ఫైబ్రోయిన్ అనే ప్రొటీన్, దాని మీద జిగురు సెరిసిన్. గాయాలకు పట్టు దారంతో కుట్లు వేయడం పాత పద్ధతే. ప్రొటీన్ కాబట్టి శరీరంలోని ఎంజైమ్‌లు దాన్ని నెమ్మదిగా అమైనో ఆమ్లాలుగా విడగొట్టగలవు. పీఎల్‌జీఏలా అది కరిగేటప్పుడు చుట్టూ ఆమ్లం పోగుకాదు. ఆమ్లానికి చెడిపోయే సున్నితమైన ప్రొటీన్ మందులకు ఇది మేలు. దసలి పట్టుకు మరో ప్రత్యేకత ఉంది. ఆర్జినైన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాల వరుస దాని ఫైబ్రోయిన్‌లో సహజంగానే ఉంటుంది. మల్బరీ పట్టులో అది లేదు. మన కణాల ఉపరితలం మీది ఇంటిగ్రిన్‌లు అనే గ్రాహకాలు పట్టుకునే కొక్కెం సరిగ్గా అదే వరుస. ప్రయోగశాలలో రసాయనికంగా అతికించాలని తంటాలు పడే కొక్కెం ఈ పురుగు పుట్టుకతో తెచ్చుకుంది.

ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సుభాస్ కుండు బృందం ఈ పట్టు మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. దసలి దారం మొండిది, మల్బరీ దారాన్ని కరిగించే మామూలు లవణ ద్రావణాలకు సులభంగా లొంగదు. అందుకే గూడు కట్టడానికి సిద్ధమైన పురుగు పట్టు గ్రంథి నుంచే నేరుగా ప్రొటీన్‌ను తీశారు. 2010లో ఈ బృందం కొరియా శాస్త్రవేత్తలతో కలిసి ప్రచురించిన పత్రంలో మల్బరీ, దసలి పట్టు రెండింటితోనూ 150 నుంచి 170 నానోమీటర్ల గుండ్రటి రేణువులు చేసి చూపించారు. అవి క్యాన్సర్ కణాల లోపలికి చేరాయి. లోపల పెట్టిన ప్రొటీన్‌ను మూడు వారాల పాటు కొంచెం కొంచెంగా వదిలాయి. అంతకు ఏడాది ముందు అదే బృందం, నేతలో ఉడకబెట్టి పారబోసే సెరిసిన్ జిగురుతో కూడా మందు మోసే రేణువులు చేసింది.

ఇవన్నీ ప్రయోగశాల గిన్నెల్లో పెంచిన కణాల మీద జరిగినవి. గిన్నెలో కాలేయం ఉండదు, కుప్ఫర్ కణాలు ఉండవు, రక్త ప్రవాహం ఉండదు. గిన్నెలో గెలిచి శరీరంలో ఓడిన రేణువుల జాబితా చాలా పొడవు. అడవి పట్టుకు ఇంకో సొంత ఇబ్బంది కూడా ఉంది. ఆరుబయట పెరిగిన పురుగు ఇచ్చే ప్రొటీన్ పంట పంటకూ, చెట్టు చెట్టుకూ కొంత మారవచ్చు. చీరకు ఆ తేడా అందం. ఇంజెక్షన్‌కు అదే అనర్హత.

హైదరాబాద్ దారి కొంచెం వేరు. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు అరవింద్ కుమార్ రెంగన్ అంతకుముందు ఐఐటీ బాంబే సహచరులతో కలిసి 2015లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కొవ్వు బుడగల మీద బంగారాన్ని పలుచగా పూశారు. చర్మం లోతుకు చొచ్చుకుపోయే సమీప పరారుణ కాంతిని ఎలుకలోని కణితి మీద ప్రసరిస్తే ఆ బంగారం వేడెక్కి కణితిని కాల్చింది. బంగారం తనంతట కరగదు, దేహంలో ఉండిపోతుందన్నది ఈ తరహా చికిత్సల మీద ఉన్న పెద్ద ఆక్షేపణ. లోపలి కొవ్వు బుడగ విడిపోతే బంగారు పూత సన్నటి ముక్కలవుతుంది. ఆ ముక్కలు మూత్రపిండాల గుండా, పిత్తం గుండా బయటికి పోతాయని వారు చూపించారు. కరగని లోహాన్ని కూడా కరిగే చట్రం మీద నిలబెడితే సాగనంపవచ్చన్నమాట.

45 డిగ్రీల ఎండలో

ఆసుపత్రి గుమ్మం దగ్గర ఇంకో పరీక్ష ఉంది. దాని ఊసు పరిశోధనా పత్రాల్లో తక్కువ. లైపోజోమ్ డాక్సోరుబిసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి, గడ్డ కట్టకూడదు. బిలాస్‌పూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. పీఎల్‌జీఏకు తేమే శత్రువు. సీసాలో తడి చేరితే పొట్లం శరీరంలోకి వెళ్ళకముందే తెగడం మొదలవుతుంది. రేణువులను గడ్డకట్టించి, నీటిని ఆవిరిగా లాగేసి పొడిగా మార్చి పంపడం దీనికి విరుగుడు. ఆ పనితోనే ధర పెరుగుతుంది. గుండెను కాపాడే మందు ఉండీ, దాని ధరకు భయపడి పాత ఎర్ర మందే ఎక్కించుకునే రోగులకు నానో సాంకేతికత వచ్చినా రానట్టే.

నియంత్రణ వైపు మన దేశంలో ఒక అడుగు పడింది. నానో ఔషధాలను ఎలా పరీక్షించాలో చెప్పే మార్గదర్శకాలను బయోటెక్నాలజీ విభాగం 2019లో విడుదల చేసింది. రేణువు విచ్ఛిన్నమయ్యేదా కాదా అన్న దాన్ని బట్టి భద్రతా పరీక్షల తీరు మారుతుంది. కరిగిపోతుందని చెబితే చాలదు, కరిగాక మిగిలేది ఎక్కడికి పోతుందో కూడా చూపించాలి.

ఈ కథలో పెద్దగా ప్రచారం లేని విజయం ఒకటుంది. అది నానో కూడా కాదు, దానికన్నా వంద రెట్లు పెద్ద మైక్రో గోళాలు. ప్రొస్టేట్ క్యాన్సర్‌ను అదుపులో పెట్టే ల్యూప్రోలైడ్ అనే హార్మోన్ మందును మొదట్లో రోజూ సూదితో ఇచ్చేవారు. దాన్ని ల్యాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాల పాలిమర్‌లో పొదిగి నెలకొక్క సూదిగా చేస్తే 1989లో అమెరికాలో అనుమతి లభించింది. తర్వాత మూడు నెలలవి, ఆరు నెలలవి కూడా వచ్చాయి. ఈ గోళాలు కణితిని వెతుక్కుంటూ ఎక్కడికీ వెళ్ళవు. కండరంలో పెట్టిన చోటే కూర్చుని కరుగుతూ మందు వదులుతాయి. కాలేయపు కాపలా, వెయ్యికి ఏడు లెక్క, ఏవీ వాటికి అడ్డు రావు. మెదడు కణితి తీసేశాక ఆ ఖాళీలో వైద్యులు అమర్చే గ్లియాడెల్ బిళ్ళలదీ ఇదే ఒడుపు. 1996లో అనుమతి పొందిన ఆ బిళ్ళలు అక్కడే మందు వదులుతూ కరిగిపోతాయి.

అన్ని కీమోథెరపీ మందులనూ ఇలా ఒకచోట పాతిపెట్టలేం. డాక్సోరుబిసిన్ లాంటివి కండరంలోకి చేరితే ఆ కండరమే పుండవుతుంది. హార్మోన్ మందులకు చెల్లినది వాటికి చెల్లదు. అయినా నెలకు ముప్ఫై సూదులు ఒకటిగా, ఆ ఒకటి మూడు నెలలకొకటిగా మారడం అంటే కర్గీ రోడ్ స్టేషన్‌లో రైలెక్కే మనిషికి ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ప్రయోగశాలలు రేణువు కణితికి ఎంత శాతం చేరిందో కొలుస్తున్నాయి. ఒక రోగి ఏడాదిలో ఎన్నిసార్లు ఆసుపత్రికి రావలసి వచ్చిందో కూడా అంతే శ్రద్ధగా కొలిచే ప్రయోగాలు ఇంకా ఎక్కువ జరగాలి. దసలి పట్టు రేణువులతో చేసిన క్యాన్సర్ మందేదీ ఇప్పటికి మార్కెట్లోకి రాలేదు. కోటా దగ్గరి మద్ది చెట్ల మీద గూళ్ళు మాత్రం ప్రతి పంటకూ కడుతూనే ఉన్నాయి.